లెన్సు కన్నా ముందు ఆర్మ్ చూడండి

ప్రశ్న: నాకు పాలకొల్లులో సెల్ రిపేరు షాపు ఉందండి. ఈమధ్య ఫోన్ల కన్నా రొయ్యల చెరువుల మీంచి వచ్చే బోర్డులే ఎక్కువయ్యాయి. మేత వేసే ఆటో ఫీడర్లవి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల ప్యానెళ్లవి. వయసు నలభై దాటింది. తలకి తగిలించుకునే భూతద్దంతో నెట్టుకొస్తున్నాను గానీ, సాయంత్రమయ్యేసరికి మెడ పట్టేస్తోంది. స్టీరియో మైక్రోస్కోపు కొందామనుకుంటున్నాను. మామూలు స్టాండు మీదది చాలా, ఆర్మ్ మీద బిగించేది కావాలా? తెలిసినవాళ్ల కాలేజీలో పాత మైక్రోస్కోపు చవగ్గా ఇస్తామంటున్నారు, అది పనికొస్తుందా? ఎన్ని రెట్లు పెద్దగా చూపించేది తీసుకోవాలి? కెమెరా అవసరమా? మా ఊరి చెమ్మకి లెన్సులు పాడవుతాయని భయం. ఇంకో మాట. స్నేహితుడి షాపులో దాన్లోంచి చూస్తూ టంకం పెట్టబోతే ఐరన్ ఎక్కడుందో కూడా కనపడలేదు, చెయ్యి వణికింది. ఇది నావల్ల అవుతుందంటారా?

జవాబు: తప్పకుండా అవుతుందండి. ముందు కాలేజీ మైక్రోస్కోపు సంగతి తేల్చేద్దాం. అది వద్దు, ఊరికే ఇచ్చినా వద్దు. గాజు స్లైడు మీద ఉల్లిపొర చూడటానికి చేసిన పరికరం అది. వెలుగు కింద నుంచి వస్తుంది, మీ బోర్డులోంచి వెలుగు పోదు. అన్నిటికన్నా చిన్న లెన్సు పెట్టినా నలభై రెట్లు చూపిస్తుంది, లెన్సుకీ బోర్డుకీ మధ్య ఐరన్ దూర్చే చోటు ఉండదు. పైగా బొమ్మ తలకిందులుగా కనిపిస్తుంది. మీరు చెయ్యి కుడికి జరిపితే లోపల ఎడమకి జరుగుతుంది. దాంతో టంకం పెట్టడం ఎవరివల్లా కాదు.

స్టీరియో మైక్రోస్కోపులో రెండు కళ్లకీ రెండు వేరు వేరు దారులుంటాయి. రెండూ కొద్దిపాటి కోణం తేడాతో ఒకే చోటుని చూస్తాయి కాబట్టి లోతు తెలుస్తుంది. ఐరన్ బిట్టు (కొన) బోర్డు మీద టంకం పెట్టే ప్యాడ్‌కి తగిలిందా, ఇంకా దాని పైనే గాల్లో ఉందా అన్నది కంటికే తెలిసిపోతుంది. లోపలున్న ప్రిజాలు బొమ్మని నిటారుగా నిలబెడతాయి. 1890ల్లో గ్రీనో అనే అమెరికా జీవశాస్త్రవేత్త కోరికమీద జర్మనీలో కార్ల్ జైస్ కంపెనీ వాళ్లు తయారుచేసిన పద్ధతి ఇది. ఆయనకి కావలసింది చిన్నచిన్న జీవుల్ని చూస్తూ చేతుల్తో పనిచేసుకోవడం. ఇప్పుడు రిపేరు బల్లల మీద కనిపించే జూమ్ స్టీరియోలు చాలావరకు ఇప్పటికీ ఆ పద్ధతిలోనివే.

ఇక ఎన్ని రెట్లు అన్న ప్రశ్న. అమ్మేవాళ్లు నలభై అయిదు, తొంభై అని ఊరిస్తారు. ఆ అంకె చూసి కొనకండి. టంకం పని దాదాపు అంతా ఏడు నుంచి పన్నెండు రెట్ల మధ్య జరుగుతుంది. 0402 సైజు కెపాసిటర్ పొడవు 1 మిల్లీమీటరు, వెడల్పు అర మిల్లీమీటరు. పది రెట్లలో అది సెంటీమీటరు ముక్కలా కనిపిస్తుంది, అది చాలు. ఫోన్లలో వచ్చే 0.4 మిల్లీమీటర్ల 01005 ముక్కలకి కాస్త పెంచుకుంటారు. ఇరవై దాటిన రెట్లు చూసుకోవడానికే గాని చెయ్యడానికి కాదు. అక్కడ ఫోకస్ లోతు తగ్గిపోతుంది, చెయ్యి ఏమాత్రం అదిరినా అంత పెద్దదిగానూ కనిపిస్తుంది. స్నేహితుడి షాపులో మీ చెయ్యి వణికిందన్నారు చూడండి, ఆ జూమ్ పైకి పెట్టి ఉంటుందని నా అనుమానం.

మామూలుగా దొరికే జూమ్ హెడ్డు, అంటే లెన్సులుండే పై భాగం, పది రెట్ల ఐపీసులతో (కళ్లు పెట్టి చూసే లెన్సులతో) 7 నుంచి 45 రెట్ల దాకా వెళ్తుంది. లెన్సు కింద నుంచి బోర్డు దాకా దూరం సుమారు 100 మిల్లీమీటర్లు. ఐరన్ పట్టుకున్న చేతికి ఇది ఇరుకు, వేడి గాలితో టంకం కరిగించే హాట్ ఎయిర్‌కైతే మరీ ఇరుకు. వేడి గాలి నేరుగా పైకి లేచి లెన్సుకే తగులుతుంది. అందుకని హెడ్డు కింద మరతో బిగించే 0.5 రెట్ల అదనపు లెన్సు ఒకటి తప్పనిసరిగా తీసుకోండి. దాంతో రెట్లు సగమై 3.5 నుంచి 22.5 అవుతాయి, దూరం మాత్రం 165 మిల్లీమీటర్ల పైకి పోతుంది. కనిపించే మేర కూడా రెట్టింపవుతుంది. ఐపీసు మీద 20 అన్న అంకె ఉంటే, అన్నిటికన్నా తక్కువ జూమ్‌లో ఇంచుమించు 57 మిల్లీమీటర్ల వెడల్పు ఒక్కసారే కనిపిస్తుంది. ఐరన్ ఎక్కడుందో వెతుక్కునే బాధ చాలావరకు అక్కడే తీరుతుంది. అదే ఆ లెన్సు లేకుండా 45 రెట్లలో కనిపించేది నాలుగున్నర మిల్లీమీటర్లు కూడా ఉండదు.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. మీ ఉత్తరంలో ఆర్మ్ ప్రశ్న ఒక్క వాక్యంలో అడిగారు గాని, నా లెక్కన డబ్బు పెట్టేటప్పుడు ఎక్కువ ఆలోచించాల్సింది దానిమీదే. హెడ్డులో ఒక మెట్టు కిందిది తీసుకున్నా పని నడుస్తుంది. ఆర్మ్ నాసిగా ఉంటే ఎంత మంచి హెడ్డు పెట్టినా మూలన పడుతుంది.

మామూలు స్టాండులో కింద ఒక పలక, వెనక ఒక కడ్డీ, దానికి హెడ్డు. ఫోను బోర్డు ఆ పలక మీద పడుతుంది. ఫీడర్ బోర్డు ట్రాన్స్‌ఫార్మరూ, రిలేలూ, హీట్‌సింకుతో సహా పట్టదు, వెనక కడ్డీకి కొట్టుకుంటుంది. పలక ఎత్తుగా ఉండటంతో మణికట్టుకి ఆనిక కూడా దొరకదు. ఆర్మ్ అయితే హెడ్డు పక్క నుంచి వచ్చి గాల్లో నిలబడుతుంది, కింద బల్లంతా మీదే. పెద్ద బోర్డైనా, ప్యానెల్ డబ్బా మొత్తమైనా దాని కిందకి జరుపుకోవచ్చు. పని లేనప్పుడు పక్కకి తిప్పేయొచ్చు. కాబట్టి మీకు ఆర్మే.

ఆర్మ్‌ల్లో మూడు రకాలు కనిపిస్తాయి. ఒకటి, బరువైన ఇనుప బేసు, దానిమీద నిలువు కడ్డీ, దానికి అడ్డంగా ఒకటో రెండో కడ్డీలు. రెండోది బల్ల అంచుకి క్లాంపుతో బిగించే కీళ్ల ఆర్మ్. మూడోది స్ప్రింగో గ్యాసో బరువు మోసే ఆర్మ్, వేలితో తోస్తే కదిలి, వదిలితే ఆగుతుంది. ఈ మూడోది హాయిగా ఉంటుంది గాని దాని బిగింపు హెడ్డు బరువుకి సరిపోయేలా సర్దుకోవాలి. తర్వాత కెమెరా తగిలిస్తే బరువు మారుతుంది, మళ్లీ సర్దాలి. లేకపోతే మీరు పనిలో ఉండగా అది కాస్త కాస్తగా కిందికి దిగుతూ ఉంటుంది, ఫోకస్ ఎందుకు పోతోందో మీకు అర్థం కాదు.

మీ షాపుకైతే రెండు అడ్డ కడ్డీలున్న బరువు బేసు స్టాండుకే నా ఓటు. ఒంటి కడ్డీ కన్నా అది తక్కువ వంగుతుంది, తక్కువ ఊగుతుంది. బేసు పట్టేంత చోటు బల్లమీద లేకపోతే అప్పుడు క్లాంపు. దానికి మందపాటి చెక్క బల్ల ఉండాలి. క్లాంపు కన్నా బల్లకి రంధ్రం చేసి బోల్టు వేసేది ఇంకా గట్టిగా ఉంటుంది. మన వైపు చాలా షాపుల్లో ఉన్నట్టు మీ బల్ల కూడా కడప బండదైతే, క్లాంపు జోలికి పోకండి. అంచు దగ్గర పెచ్చు లేస్తుంది, ఒక్కోసారి బండే పగులుతుంది. బరువు బేసుకి మాత్రం కడప బండంత మంచి ఆధారం లేదు.

ఊగడం గురించి ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. హెడ్డు ఊగడం ఒక్కటే ఇబ్బంది కాదు, హెడ్డూ బోర్డూ వేరువేరుగా ఊగడం ఇబ్బంది. రెండూ ఒకే బల్లమీద ఉంటే లారీ పోయినప్పుడు రెండూ కలిసి కదులుతాయి, కంటికి అంతగా తెలియదు. చోటు కలిసొస్తుందని ఆర్మ్‌ని గోడకి బిగిస్తే, మీరు బల్లమీద మోచెయ్యి ఆనించిన ప్రతిసారీ బొమ్మ కదులుతుంది. పది రెట్ల దగ్గర పదో వంతు మిల్లీమీటరు అదురు కంటికి ఒక మిల్లీమీటరులా కనిపిస్తుంది. హాట్ ఎయిర్ మెషిన్‌లో గాలి పంపు లోపలే ఉండే రకం అయితే దాన్ని ఆ బల్లమీద నుంచి తీసి వేరే స్టూలు మీద పెట్టండి. ఆ సన్నని వణుకు బల్లంతా పాకుతుంది. ఆర్మ్‌ని కూడా అవసరమైనంతే చాపండి. ఎంత పొడుగు చాపితే అంత ఊపు.

బిగించేటప్పుడు స్తంభం మీద ఆర్మ్ కిందుగా ఒక రింగు ఉంటుంది, స్క్రూతో బిగించేది. చాలామంది అది దేనికో తెలియక అడుక్కి జార్చేస్తారు. ఆర్మ్ స్క్రూ వదులైతే హెడ్డు మొత్తం బోర్డు మీదో, మీ చేతి మీదో పడకుండా ఆపేది అదే. ఎత్తు కుదిరాక దాన్ని ఆర్మ్‌కి ఆనించి బిగించేయండి. బేసు పొడుగు ఎటు ఉంటే ఆర్మ్ అటే చాచి ఉండాలి, అడ్డంగా తిప్పితే స్టాండు బోర్లా పడుతుంది. మీరు కుడిచేతి వాటమైతే ఆర్మ్ ఎడమ పక్క వెనక నుంచి రానివ్వండి, ఐరన్ వైరుకి అడ్డం రాదు. ఇంకోటి, హెడ్డు దూరే కంకణం కొలత 76 మిల్లీమీటర్లు ఉండటం మామూలు. విడివిడిగా కొంటుంటే హెడ్డుకీ కంకణానికీ ఈ కొలత కలిసిందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి.

మీ మెడ సంగతి. మైక్రోస్కోపు వచ్చినంత మాత్రాన మెడనొప్పి పోదండి, కుర్చీ కుదిరితేనే పోతుంది. 0.5 లెన్సు పెట్టాక హెడ్డు పైకి లేస్తుంది, ఐపీసులు బల్లమీద నుంచి ఇంచుమించు మూరెడు ఎత్తుకి వస్తాయి. ఇప్పుడున్న కుర్చీలో కూర్చుంటే గడ్డం పైకెత్తి చూడాల్సి వస్తుంది, వంగి చూసిన దానికన్నా అది ఎక్కువ బాధ. కాబట్టి ఎత్తు మారే స్టూలు, దానికి తగ్గ పాదపీఠం చూసుకోండి. వీపు నిటారుగా పెట్టి మామూలుగా కూర్చోండి, ఐపీసుల్ని మీ కళ్ల దగ్గరికి తెచ్చుకోండి, తలని వాటి దగ్గరికి తీసుకెళ్లకండి. ఆర్మ్ ఉన్నందుకు దక్కే పెద్ద సుఖం ఇదే.

నలభై దాటాక దగ్గరవి ఆనకపోవడం మామూలే గదా. ఇక్కడ మీకో మంచి వార్త. స్టీరియో మైక్రోస్కోపు బొమ్మని దూరంగా ఉన్న వస్తువులా కంటికి అందిస్తుంది. కళ్లు దూరాన కొబ్బరి చెట్లు చూస్తున్నంత విశ్రాంతిగా ఉంటాయి, చదువుకునే కళ్లజోడు తీసేసి చూడొచ్చు. దూరపు చూపు తేడాని ఐపీసు చుట్టూ ఉన్న తిప్పుడు రింగుతో సరిచేసుకోవచ్చు. సిలిండర్ పవరు ఎక్కువగా ఉంటే మాత్రం దూరపు జోడు పెట్టుకునే చూడాలి, అప్పుడు కళ్లజోడుతో చూడటానికి వీలైన ఎత్తు ఐపీసులు అడగండి. మొదటిరోజే ఈ పని చెయ్యండి: రెండు రింగులూ సున్నా దగ్గర పెట్టి, జూమ్ పూర్తిగా పెంచి ఫోకస్ చెయ్యండి. ఫోకస్ నాబు ముట్టుకోకుండా జూమ్ పూర్తిగా తగ్గించి, ఒక్కో కన్ను మూసి రెండో కంటికి దాని రింగు తిప్పి స్పష్టం చేసుకోండి. రెండుసార్లు ఇలా చేస్తే, ఆ తర్వాత జూమ్ ఎటు తిప్పినా ఫోకస్ చెదరదు. రెండు ఐపీసుల మధ్య దూరం కూడా మీ కళ్లకి సరిపడేలా జరిపి, రెండు గుండ్రాలూ ఒక్కటయ్యేదాకా చూసుకోండి.

చెయ్యి గురించి భయపడకండి. మీ పక్కనే నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్లని చూసే ఉంటారు. సూది పట్టిన వేళ్లు తప్ప మిగతా చెయ్యంతా ఒడిలో ఆనించే ఉంటుంది. టంకం పనీ అంతే. మోచెయ్యి బల్లమీద, మణికట్టు బోర్డు పక్కన పెట్టిన చెక్కముక్క మీద, చిటికెన వేలు బోర్డు హోల్డర్ అంచు మీద ఆనాలి. కదిలేది రెండు వేళ్లే. ఐరన్‌ని కొన వైపుకి దగ్గరగా పట్టుకునేలా పొట్టి పిడి ఉన్నది అయితే సగం వణుకు ఉండదు. ఐరన్ కనబడకపోవడానికి మందు ఇది: జూమ్ పూర్తిగా తగ్గించి, ముందు కళ్లు ఐపీసు పైనుంచి తీసి మామూలుగా బోర్డు చూస్తూ బిట్టుని లెన్సు కింద మధ్యకి తెచ్చి ఆనించండి. తర్వాత కళ్లు పెట్టండి. ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి, గడియారంలో నాలుగు అంకె ఉండే వైపు నుంచి అనుకోండి, ఐరన్ తేవడం అలవాటు చేసుకోండి. కొన్నాళ్లకి చూడకుండానే చెయ్యి అక్కడికి పోతుంది. పాత ఫోను బోర్డు మీద 0402 ముక్కలు ఊడదీసి మళ్లీ పెడుతూ సాధన చెయ్యండి, కస్టమర్ బోర్డు మీద కాదు.

వెలుగుకి లెన్సు చుట్టూ తగిలించే రింగు లైటు చాలనుకుంటారు. అది అవసరమే గాని టంకం అద్దంలా మెరుస్తుంది, చుట్టూ ఎల్‌ఈడీ చుక్కల ప్రతిబింబాలే కనిపిస్తాయి. దాన్ని సగానికి తగ్గించి, పక్క నుంచి వంచుకునే చిన్న లైటు ఏటవాలుగా వేయండి. మీకొచ్చే ఏరేటర్ ప్యానెల్ బోర్డులో రిలే కాళ్ల చుట్టూ ఇలా చూడండి. మోటారు అదురుకీ, వేడెక్కి చల్లారడానికీ టంకం విసిగిపోయి, కాలి చుట్టూ సన్నని గుండ్రటి గీత పడుతుంది. నేరు వెలుగులో అది టంకంలో కలిసిపోయి కనబడదు, పక్క వెలుగులో నల్లటి గీతలా తేలుతుంది. మీటర్ పెడితే బాగుందని చూపించి, చెరువు దగ్గర ప్యానెల్ ఎక్కగానే ఆగిపోయే బోర్డుల్లో చాలావాటికి ఇదే రోగం. ఐసీ కాళ్ల మధ్య ఆకుపచ్చగా పేరుకున్న తుప్పు కూడా అలాగే బయటపడుతుంది. ఉప్పుగాలి తిన్న బోర్డుల్లో అది ముందు చూడాల్సిన చోటు.

కెమెరా మీకిప్పుడు అవసరం లేదు. తెరమీద చూస్తూ టంకం పెడితే లోతు పోతుంది. చవక కెమెరాల్లో చెయ్యి కదిలాక కాస్త ఆగి తెర కదులుతుంది, ఆ తేడా చెయ్యి పాడుచేస్తుంది. కుర్రాడికి పని నేర్పాలనో, కస్టమర్‌కి తప్పు చూపించాలనో ఉంటే కెమెరా తగిలించే మూడో గొట్టం ఉన్న హెడ్డు తీసుకోండి. కాని మీట లాగగానే ఒక కంటికి వెలుగు పూర్తిగా ఆగిపోయే రకం కాకుండా, రెండు కళ్లకీ కెమెరాకీ ఒకేసారి కనిపించేది అడగండి.

పొగ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. టంకం బాగా పట్టడానికి వాడే ఫ్లక్సులో ఉండే రోజిన్ పొగ ఏళ్ల తరబడి పీలిస్తే ఉబ్బసం రావచ్చు, టంకం పనివాళ్లలో ఇది డాక్టర్లకి బాగా తెలిసిన జబ్బు. అదే పొగ లెన్సు మీద జిడ్డుగా కూర్చుంటుంది. పక్క నుంచి పొగని లాగే చిన్న ఫ్యాను పెట్టి, పైపుతో బయటికి పంపండి. 0.5 లెన్సు కిందుగా ఒక సాదా గాజు ఫిల్టరు బిగిస్తే మరక దానిమీదే పడుతుంది, దాన్ని తీసి తుడుచుకోవచ్చు. లెన్సుని చొక్కా అంచుతోనో, బోర్డులు కడిగే థిన్నర్‌తోనో తుడవకండి. థిన్నర్ లెన్సుల్ని అతికించిన జిగురునీ, చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌నీ తినేస్తుంది. ముందు గాలి బుడ్డితో దుమ్ము ఊది, తర్వాత లెన్సు కాగితానికి చుక్క ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) వేసి తుడవండి.

చెమ్మ గురించి మీ భయం సరైనదే. మన డెల్టా గాలికి లెన్సు లోపల బూజు పడుతుంది, ఒకసారి గాజుని తింటే ఆ మచ్చ పోదు. రోజూ వాడే దానికి ఈ ప్రమాదం తక్కువ, మూలన పడేసిన దానికే ఎక్కువ. కొన్నప్పుడు వచ్చిన స్పాంజి పెట్టెలో దాచకండి, స్పాంజి చెమ్మ పట్టి ఉంచుతుంది. ఐపీసులు తీసి గొట్టాలు తెరిచి వదలకండి. రాత్రి గుడ్డ తొడుగు చాలు. తుపాను హెచ్చరికలప్పుడో, ఊరెళ్లి షాపు మూసినప్పుడో హెడ్డు ఆర్మ్ నుంచి తీసి, మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులతో పెట్టేయండి. జెల్ రంగు మారితే వేడిచేసి తేమ పోగొట్టి మళ్లీ వాడుకోవచ్చు.

కొనే ముందు రెండు పరీక్షలు చెయ్యండి. వీలుంటే షాపులో, లేదంటే పార్సిల్ వచ్చిన రోజే, వాపసు గడువు ఉండగా. ఆర్మ్ మీరు వాడబోయే పొడవుకి చాచి, ఇరవై రెట్లలో రూపాయి బిళ్ల మీద అంకె ఫోకస్ చేసి, బల్లమీద వేలితో ఒక్కటి తట్టండి. బొమ్మ ఊగి ఒక సెకను లోపల ఆగిపోతే ఆర్మ్ మంచిది. ఆగకుండా ఊగుతూనే ఉంటే, అమ్మేవాళ్లు ఎంత నచ్చజెప్పినా తీసుకోకండి. రెండోది, అదే బిళ్లని పది నిమిషాలు వదలకుండా చూడండి. రెండు కళ్ల బొమ్మలూ ఒకటిగా కలవక జంటగా కనిపించినా, కనుబొమల మధ్య లాగినట్టు అనిపించినా లోపల రెండు దారులూ కలవలేదని అర్థం. అది మీ కళ్ల లోపమని సర్దుకోకుండా హెడ్డు మార్చమనండి.